చెడ్డదానివి కాకమ్మా

అరిచే పెద్ద దగ్గర పని చెయ్యొచ్చు గానీ బతిమాలే పెద్ద దగ్గర చెయ్యలేమని మా అంగట్లో ఆడవాళ్ళు అంటారు. ఆ మాట మిర్యాన్‌కి ముందుగా ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఆ వయసులో వినేది కాదులెండి. ఆ వయసులో అరుపంటే భయం, మంచిమాటంటే నమ్మకం.

మిర్యాన్ అంటే కొండలమీది రియోబాంబ పట్నంలో, లా మెర్సెద్ అంగట్లో కాల్చిన పంది అమ్మే దెల్ఫినా యుంగాన్ పెద్దకూతురు. నిండు పందిని నిప్పుల గూట్లో ఎర్రగా కాల్చి, బల్లమీద బోర్లా పడుకోబెట్టి, నోట్లో టమాటా కుక్కి, "రా తల్లీ, కాస్త రుచి చూసి పో, నచ్చకపోతే నన్ను తిట్టి పో" అని దారినపోయేవాళ్ళ నోట్లో ముక్క పెట్టే ఆడవాళ్ళ వరస అది. ఆ కేకల మధ్య పెరిగిన పిల్ల కనుక గొంతు కంచుగంట. ఆ గొంతు చూసే పత్రిక, రేడియో చదువులో చేరమని బళ్ళో మదర్ చెప్పింది. చేరింది, బాగానే చదివింది. ఆఖరి సంవత్సరం ఎక్కడైనా ఇంటర్న్‌షిప్ చెయ్యాలి, చేసినట్టు అక్కడి పెద్ద సంతకంతో కాగితం తేవాలి. అది వస్తేనే పట్టా. లేకపోతే అన్నేళ్ళ చదువూ గాల్లో దీపమే.

అలా ఆగస్టు నెలలో, దుమ్ము లేచే కాలంలో, "ఐదో మూల" రేడియోలో అడుగుపెట్టింది. నాలుగు వీధులు కలిసిన చోట నాలుగు మూలలే ఉంటాయి గదా, ఐదోది మేం, గాలిలో ఉంటాం అని డైరెక్టరమ్మ నవ్వుతూ చెప్పేది. ఒక రొట్టెల దుకాణం మీద రెండు గదులు, ఒక గాజు కిటికీ, దాని వెనక చదివే గది. ఆ గదికి గోడలనిండా కోడిగుడ్ల అట్టలు అంటించారు, చప్పుడు బయటికి పోకుండా. తలుపుకి లోపలివైపు పిడి ఊడిపోయి ఎన్నేళ్ళయిందో. చదవడం అయ్యాక గాజుమీద కొడితే, మీటల దగ్గర కూర్చునే సెగుందో అనే పెద్దాయన లేచొచ్చి బయటినుంచి తీయాలి.

"పిడి పెట్టించరా లిసెన్?" అని అడిగింది మిర్యాన్ మొదటిరోజే. పట్టా పుచ్చుకున్న ఆడవాళ్ళని మా వైపు అలాగే పిలుస్తారు, గౌరవంగా.

"ఇదిగో ఇప్పుడే పెట్టిస్తా బంగారం," అంది డైరెక్టరమ్మ. కొండమీద "ఇదిగో ఇప్పుడే" అంటే ఏమిటో కొండపిల్లకి వేరే చెప్పాలా. ఎప్పటికో అని.

కాలేజీలో పంతులుగారు ఒక పని ఇచ్చి పంపారు. మీ పనిచోట పెద్దలు ఎలా నడిపిస్తున్నారో గమనించి నాయకత్వ రీతుల మీద వ్యాసం రాసుకురమ్మని. పుస్తకంలో మూడు రకాలు చెప్పారట: హుకుం చేసేవాళ్ళు, అందర్నీ అడిగి చేసేవాళ్ళు, ఎవడి ఖర్మానికి వాణ్ణి వదిలేసేవాళ్ళు.

"మీ వార్తల పెద్ద ఎవరమ్మా?" అని అడిగాడు పంతులు.

"లీడర్ సార్."

"లీడరేలే, పేరు చెప్పు."

"పేరే లీడర్ సార్. లీడర్ ఇంత్రియాగో. కోస్తా ఆయన. వాళ్ళ తమ్ముడి పేరు కెప్టెన్ అట."

క్లాసంతా నవ్వింది. కోస్తాలో, మనాబి సీమలో, కన్నవాళ్ళకి పేర్ల దగ్గర పట్టపగ్గాలుండవు, అందరికీ తెలిసిందే.

ఈ లీడర్ని మర్యాదకి అందరూ దోన్ లీడర్ అనేవారు. మనిషి గుమ్మటంలా ఉండేవాడు. కొండ చలికి ఎప్పుడూ రెండు కోట్లు వేసుకుని, ముక్కు ఎర్రగా చేసుకుని కూర్చునేవాడు. మొదటి వారంలోనే మిర్యాన్ రాసిన వార్త చేతిలో పట్టుకుని లేచాడు.

"ఎవరే ఇది రాసింది?"

"నేనే దోన్ లీడర్."

"కొల్తా రోడ్డులో బస్సుని ఆవు గుద్దిందా, ఆవుని బస్సు గుద్దిందా? నువ్వు రాసిందాన్ని బట్టి బస్సులో ఆవు కూచుని నడిపినట్టుంది. తిరగరాయి."

తిరగరాసింది. ఇంకోసారి విసిరికొట్టాడు. మళ్ళీ రాసింది. ఆ పిల్ల మొహం కడుక్కునే చోటికెళ్ళి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ రాసింది. సాయంత్రమయ్యేసరికి ఆయన అదే గొంతుతో అరిచాడు: "కుర్చీ ఖాళీ చెయ్యవే కొండపిల్లా. ఇల్లు లేదా నీకు? ఫో." ఆ అరుపు అరిచాక బల్లమీద అగ్గి పడ్డా సరే, ఆమెని ఇంకొక్క పని అడిగేవాడు కాదు.

ఇక డైరెక్టరమ్మ. పేరు పియెదాద్ ఒరోస్కో. పియెదాద్ అంటే దయ. పేరుకి తగ్గ మనిషే. మెడచుట్టూ ఉన్ని శాలువా, ఒంటినిండా దాల్చినచెక్క వాసన, ఎవరి దగ్గరికొచ్చినా భుజంమీద చెయ్యి వేసే మాట్లాడుతుంది. ఆమె గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు.

"చెడ్డదానివి కాకమ్మా, ఈ చిన్న ముక్క కాస్త చదివిపెట్టు. చిటికెడంతే."

ఆ చిటికెడు ఏమిటంటే చావు కబుర్లు. మా కొండ ఊళ్ళకి చావు, పెళ్ళి, తప్పిపోయిన గొర్రె, ఏదైనా రేడియోలోనే చేరుతుంది. "కొలంబె వాసులకు తెలియజేయడమేమనగా, మామా పెట్రోనా నిన్న కాలం చేసింది, కొడుకులు ఎక్కడున్నా బయలుదేరవలెను" అని పొద్దున్నా సాయంత్రమూ చదవాలి. పెద్దవయసు ఆడవాళ్ళని మా వైపు మామా అంటారు, అమ్మా అన్నట్టు. మిర్యాన్ చదివితే ఆ చచ్చిపోయినామె వాళ్ళ పెద్దమ్మే అన్నట్టుండేది. జనం రేడియోకి ఫోన్ చేసి, మావాళ్ళది ఆ అమ్మాయి చేతే చదివించండి అని అడిగేవారు. అదే ఆ పిల్ల కొంప ముంచింది.

"చెడ్డదానివి కాకమ్మా" అన్న మాటలోనే ఉంది కిటుకంతా. కొండమీద పుట్టినవాళ్ళు ఉగ్గుపాలతో తాగిన మాట అది. తలుపు తీసిపెట్టు, సంచి పట్టిపెట్టు, పిల్లాణ్ణి చూసిపెట్టు, అన్నిటికీ ముందు ఆ మాటే. చెయ్యనన్నావో, నువ్వు చెడ్డదానివని నీ నోటితో నువ్వే ఒప్పుకున్నట్టు. ఇంక ఎవరు చెయ్యనంటారు? మొహమాటానికి పోతే కడుపొచ్చిందని సామెత ఊరికే పుట్టిందా.

మిర్యాన్ ఆ వ్యాసంలో మొదట ఇలా రాసుకుంది: దోన్ లీడర్ హుకుం చేసే రకం, లిసెన్ పియెదాద్ అందర్నీ అడిగి చేసే రకం. రెండోది మేలు. పంతులు చూసి బాగుందన్నాడు.

అక్టోబరు ఆఖరికి ఇంటర్న్‌షిప్ గడువు అయిపోయింది. మిర్యాన్ తల దువ్వుకుని, ఇస్త్రీ చేసిన కోటు వేసుకుని డైరెక్టరమ్మ గదికెళ్ళింది.

"లిసెన్, ఆ కాగితం కాస్త..."

"కాగితమా? అదెంత పని తల్లీ, ఇదిగో ఇప్పుడే. కూచో ముందు. ఏం తిన్నావు? మొహం పీక్కుపోయింది." ఊదారంగు జావ వేడివేడిగా గ్లాసులో పోసి, పసిబిడ్డ ఆకారంలో చేసిన రొట్టె చేతిలో పెట్టింది. పెద్దల పండుగ దగ్గరపడింది, ఇంటింటా అవే. "ఇప్పుడు నువ్వు పోతే ఆత్మల పూజల పేర్లు ఎవరు చదువుతారు చెప్పు? పాపం, చచ్చిపోయినవాళ్ళు నీ నోట వినాలని చూస్తుంటారు. చెడ్డదానివి కాకమ్మా. వాళ్ళ పండుగ దాటనీ."

రొట్టె నోట్లో ఉంది, ఏమంటుంది? తలూపింది.

పెద్దల పండుగ దాటింది. డిసెంబరు రాగానే పిల్లదేవుడి ఊరేగింపులు వచ్చాయి. పట్నంలో పేటకొక పిల్లదేవుడు, ఊరేగింపు ఏ వీధిలో బయలుదేరుతుందో చెప్పాలి, ఏ ఇంట భోజనాలో చెప్పాలి. "అవి దాటనీ తల్లీ," అంది లిసెన్, ఈసారి మొక్కజొన్న కుడుము చేతిలో పెట్టి. ఆకు విప్పితే పొగలు, మధ్యలో జున్నుముక్క. అవీ దాటాయి. "ఎంతలో వస్తుంది కార్నివాల్, అది కూడా దాటనీ."

ఈలోగా ఇంకొక ముడి పడింది. మిర్యాన్ చెల్లెలు కియారాకి చర్చిలో తొలి సత్ప్రసాదం. జ్ఞానతల్లిగా ఎవరిని పిలవాలా అని దెల్ఫినా తల పట్టుకుంటే, లిసెన్ తనంతట తనే కాల్చిన పంది కొనడానికొచ్చి, "నేను లేనా దెల్ఫినితా?" అంది. దెల్ఫినా కళ్ళనీళ్ళు పెట్టుకుంది. డైరెక్టరమ్మ ఎక్కడ, పంది కోసుకునే తానెక్కడ. ఆ రోజునుంచీ ఇద్దరూ కొమాద్రెలు, ఒక బిడ్డకి ఇద్దరు తల్లులన్నమాట. మా కొండల్లో రక్తసంబంధం తెగినా అతుకుతుంది గానీ ఆ సంబంధం తెగితే అతకదు.

"అమ్మా, నా కాగితం మాట ఒక్కసారి అడగవే," అంది మిర్యాన్.

"కొమాద్రెనా? నేనా? అన్నం పెట్టిన చేతినా?" అని దెల్ఫినా కత్తి బల్లమీద పెట్టేసింది. "ఆవిడ నిన్ను కన్నకూతురిలా చూసుకుంటుంటే కాగితం, కాగితం అని నసేమిటే? కాగితం కూడు పెడుతుందా?"

"పెడుతుందమ్మా. దానికోసమే చదివింది."

"పోవే. మెత్తనిది గదాని నెత్తికెక్కకు."

అప్పట్నించీ మిర్యాన్‌కి ఆ చదివే గది వేరేగా కనపడసాగింది. లోపల కూర్చుని పేర్లు చదువుతుంటే, గోడమీది గుడ్ల అట్టలు దగ్గరికి జరుగుతున్నట్టు ఉండేది. చదవడం అయిపోయాక గాజుమీద కొడితే, సెగుందో చెవులకి తగిలించుకున్నవి తీసి, కాళ్ళీడ్చుకుంటూ వచ్చేలోపల ఇంకో నాలుగుసార్లు కొట్టేది. ఒకరోజు ఆయన్నే అడిగింది.

"మీరెప్పుడు చేరారు తాతా?"

"నేనా? నేను చేరలేదమ్మా. ఒక తీగ తెగిందంటే అతికిద్దామని వచ్చా." అలా అనేసి, తలుపు పట్టుకుని నవ్వాడు. ఆయన జుట్టు మంచుకొండ కొసలా తెల్లగా ఉంది.

జనవరి పోయి ఫిబ్రవరి వచ్చింది. ఒక మధ్యాహ్నం దోన్ లీడర్ కుర్చీ ఆమె దగ్గరికి లాగాడు. మామూలుగా గది అవతలినుంచే అరిచే మనిషి దగ్గరికొచ్చేసరికి, ఏం తప్పు రాశానోనని మిర్యాన్ బెదిరిపోయింది.

"మాంతా రేవులో మా మేనత్త కొడుకు ఒక చిన్న రేడియో నడుపుతున్నాడే. తెల్లారేసరికి రేవులోకి పడవలొస్తాయి. ఎవరికి చేప పడింది, ఎవరు తిరిగి రాలేదు, ఆ ఒడ్డున నిలబడి చెప్పే మనిషి కావాలట. గదిలో కూచుని కాదు, కాళ్ళు తడుపుకుని. నేను నీ పేరు చెప్పా."

"నా పేరా?"

"ఆవుకీ బస్సుకీ తేడా తెలిసిన పిల్ల ఉందని చెప్పా. వచ్చే సోమవారానికల్లా రావాలి. లేకపోతే ఇంకెవర్నో పెట్టుకుంటాడు, వాడు ఆగడు. ఇక్కడి కాగితం పట్టుకుని రమ్మన్నాడు."

మిర్యాన్ సముద్రం చూసింది లేదు. ఆ రాత్రి మంచంమీద పడుకుని తడిసిన కాళ్ళ గురించే ఆలోచించింది. మర్నాడు ఆయనే ఆమెకి పాఠం మొదలెట్టాడు.

"ఎలా అడుగుతావో చెప్పు చూద్దాం. నేనే మీ లిసెన్‌ని అనుకో."

"లిసెన్, ఏమీ అనుకోకపోతే, మీకు వీలైతే, ఒక చిన్న..."

"ఛీ. అక్కడే చచ్చావు. వీలు కాదంటుంది, అయిపోయింది. నేను వెళ్తున్నాను, సంతకం పెట్టండి. అంతే. రెండు మాటలు."

"అలా అంటే కొట్టినట్టుంటుంది దోన్ లీడర్."

"మా వైపు దాన్ని మాట్లాడ్డం అంటారే కొండపిల్లా."

రొట్టెల దుకాణం మెట్లమీద నిలబడి ఎన్నిసార్లు అనుకుందో ఆ రెండు మాటలు. లోపలికెళ్ళింది. ఒక గిన్నె పులుసుతో బయటికొచ్చింది. కార్నివాల్ దాటనీ అన్న మాట కూడా ఆ గిన్నెతోపాటే వచ్చింది.

దోన్ లీడర్ గిన్నె చూసి అరవలేదు. అదే ఆశ్చర్యం. తన కుర్చీలో కూలబడ్డాడు.

"మీరు చెప్పగలరుగా ఆవిడతో. మీరు ఎవరికీ భయపడరుగా," అంది మిర్యాన్.

"నేనా," అన్నాడాయన. "నేను ఒక ఎన్నికల వార్తలకోసమని వచ్చా ఇక్కడికి, ఆ ఒక్కటీ చెప్పి పోదామని. తర్వాత మా అమ్మకి బాగాలేదని కబురొచ్చింది. సంచి సర్దుకున్నా. లీడర్, చెడ్డవాడివి కాకయ్యా, మధ్యాహ్నం వార్తలు ఒక్కటీ చదివిపెట్టి పో, అంది. మధ్యాహ్నం వార్తలు చదివా. సాయంత్రానివి కూడా చదివా. బస్సు దిగేసరికి మా అమ్మని ఎత్తేశారు." ముక్కు తుడుచుకున్నాడు. "నేను అరుస్తానని మీ పంతులుకి రాశావట గదా, హుకుం చేసే రకం అని. కట్టేసిన కుక్కే ఎక్కువ మొరుగుతుందే పిల్లా. అది కూడా రాసుకో."

మిర్యాన్ ఆ వ్యాసం తీసి, రాసిందంతా కొట్టేసింది. కొట్టేశాక ఏం రాయాలో తోచలేదు. ఆ పుస్తకంలో చెప్పిన మూడు రకాల్లో లిసెన్ దేన్లోనూ ఇమడలేదు. ఎవరికీ హుకుం చెయ్యని మనిషి, ఎవర్నీ గడప దాటనివ్వలేదు. ఇదేం రీతి?

కార్నివాల్ ముందు గురువారం డైరెక్టరమ్మ తనే పిలిచింది. మొహం చేటంత చేసుకుని ఉంది.

"నీకు మంచి జరగాలనే గదమ్మా నా తాపత్రయం. కాలేజీనుంచి కొత్తపిల్ల వచ్చింది, తామియా అని. నీలాగా చదివే గొంతు ఒకటి ఆ కుర్చీలో కూర్చోబెట్టు, రెండు చేతులా సంతకం పెట్టేస్తా. ఈ సాయంత్రమే. ఆ పిల్లకి నువ్వు చెబితే బాగుంటుంది, ఈడూజోడూ. ఇదిగో, ఇది పట్టుకెళ్ళు, పాపం ఏం తిందో ఏమో." కుడుము చేతిలో పెట్టింది, ఆకుతో సహా, పొగలు కక్కుతూ.

మిర్యాన్‌కి గాల్లో తేలినట్టయింది. ఈ సాయంత్రమే. శనివారం బస్సు. సోమవారం రేవు.

తామియా గువాచో గోడవార బల్లమీద కూచునుంది. బంతాట బూట్లు తాళ్ళతో కట్టి మెళ్ళో వేసుకుంది. కాళ్ళు ఊపుతోంది. ఆటల వార్తలు నేర్చుకుందామని వచ్చిన పిల్ల. ఆదివారం మైదానానికి పంపిస్తానని దోన్ లీడర్ అప్పుడే మాటిచ్చాడు కూడా.

"తామియా," అంది మిర్యాన్, పక్కన కూచుని, భుజంమీద చెయ్యి వేసి. "చెడ్డదానివి కాకమ్మా, ఈ ముక్క కాస్త చదివిపెట్టు. చిటికెడంతే."

కుడుము అందించింది. తామియా కాళ్ళు ఊపడం ఆగిపోయింది. మొహం మెత్తబడింది, చెయ్యి ఆకువైపు వచ్చింది, కళ్ళు మాత్రం బూట్లవైపు పోయాయి. మిర్యాన్‌కి ఆ చూపు తెలుసు. తన మొహంమీద అది ఎలా ఉంటుందో తనకెప్పుడూ కనపడలేదు గానీ, లోపలినుంచి బాగా తెలుసు. తన గొంతు కూడా తన చెవికి ఇంకెవరిదోలా వినిపించింది, దాల్చినచెక్క వాసన వేసే గొంతులా.

భుజంమీంచి చెయ్యి తీసేసింది.

"ఆగు. తిను, తిండి ఏం తప్పు చేసింది, తింటూ విను. నేను మూడు నెలలకని వచ్చా ఇక్కడికి. ఇంకా పోలేదు. ఇందాక నేనన్నాను చూడు, ఆ మాటతోనే ఉంచేశారు. నువ్వు ఆ కుర్చీలో కూచుంటే నాకు సంతకం దొరుకుతుంది, నేను మాంతా బస్సెక్కేస్తా. నువ్వు ఉండిపోతావు. ఇదీ సంగతి. ఇప్పుడు అడుగుతున్నా. నీకిష్టమేనా?"

తామియా నమిలి మింగింది.

"నాకిష్టం లేదక్కా. నేను బంతాటకి వచ్చా," అంది. అని కుడుము ఇంకో ముక్క కొరికింది.

అంత తేలికా ఆ మాట అనడం, అనుకుంది మిర్యాన్. ఆ పిల్లమీద కోపం వచ్చింది, ఏడుపొచ్చింది, చిన్నగా నవ్వు కూడా వచ్చింది.

గుమ్మంలో డైరెక్టరమ్మ నిలబడి ఉంది. అంతా విన్నట్టే ఉంది. కళ్ళలో చిరాకు లేదు, నిజంగానే లేదు.

"పోనీలే తల్లీ, పిల్లకి మనసు లేదు, ఏం చేస్తాం. బలవంతపెడతామా? మనం అలాంటివాళ్ళం కాదుగా. కార్నివాల్ దాటనీ, ఇంకో పిల్ల వస్తుంది. రా, నువ్వూ ఒకటి తిను." తన గదినుంచి పళ్ళెం తెచ్చి చేతిలో పెట్టింది.

పళ్ళెం తోసెయ్యడమంటే మా కొండలమీద మొహాన ఉమ్మినట్టే. మిర్యాన్ తీసుకుంది. నిలబడే తిన్నది, చివరిదాకా, వేళ్ళు కూడా తుడుచుకుంది. తిన్నాక కొండమనిషి ఏమంటుందో అదే అంది:

"దేవుడే మీకు చెల్లించాలి లిసెన్."

పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ముద్ద ముద్దకీ అంటున్న మాటే. ఆ రోజెందుకో నోట్లోనే ఆగి, ఇంకోసారి వినపడింది. ఎవరు చెల్లించాలి? దేవుడు. చెల్లించేవాడు ఆయనని రోజూ తన నోటితో తనే చెబుతోంది గదా. మరి ఆగస్టునుంచీ ఈ జావకీ, ఈ రొట్టెకీ, ఈ కుడుముకీ తనెందుకు చెల్లిస్తోంది?

"నేను వెళ్తున్నాను," అంది. "రేపటినుంచి రాను."

గదిలో సెగుందో తల ఎత్తాడు. డైరెక్టరమ్మ శాలువా సర్దుకుంది.

"కాగితం లేకుండానా బంగారం?" అంది. అంతే మెత్తగా అంది. కానీ ఆ మెత్తదనం కింద ఏముందో మొదటిసారి చేతికి తగిలింది, దూదిలో సూదిలాగా.

"అక్కడ ఇంటర్న్‌షిప్ మళ్ళీ మొదట్నుంచీ చేస్తాను."

డైరెక్టరమ్మ కళ్ళు నిండాయి. దొంగ కన్నీళ్ళనుకునేరు, కాదు. ఆ మనిషికి నిజంగానే కష్టం వేసింది. తెల్లారి లేస్తే తన చుట్టూ నలుగురు లేకపోతే బతకలేని మనిషి ఆవిడ. "నేనేం చేశానే నిన్ను? ఒక్కసారన్నా గట్టిగా మాట్లాడానా?"

"లేదు లిసెన్. ఒక్కసారీ మాట్లాడలేదు."

చావు కబుర్ల వేళయింది. కాగితాలు బల్లమీద పడి ఉన్నాయి. డైరెక్టరమ్మ కళ్ళొత్తుకుని, దోన్ లీడర్ వైపు తిరిగింది. "లీడర్, చెడ్డవాడివి కాకయ్యా. ఈ పూటకి నువ్వు చదివిపెట్టు."

ఆయన మిర్యాన్‌ని చూశాడు. పైకోటు విప్పి కుర్చీకి తగిలించి, కాగితాలు పట్టుకుని, ఆ పిడి లేని తలుపు తోసుకుని లోపలికెళ్ళాడు. తలుపు వెనకాల పడింది.

మిర్యాన్ మెట్లు దిగి, ఆగకుండా అంగడిదాకా నడిచింది.

అంగట్లో ప్రతి కొట్లోనూ మేకుకి ఒక రేడియో వేలాడుతుంది. అన్నిట్లోనూ దోన్ లీడర్ గొంతే. కోస్తావాళ్ళు మాటల చివరలు మింగేస్తారు గదా, ఊళ్ళ పేర్లు సగం ఆయన పొట్టలోకి పోతున్నాయి.

"వీడెవడే, మా వదిన పేరు మింగేశాడు," అంటోంది బంగాళాదుంపలమ్మే మామా ఉర్సులా.

దెల్ఫినా కూతుర్ని చూడగానే కత్తి ఆపింది. ఆ మొహం చూస్తే అడగక్కర్లేకపోయింది గానీ, అడిగింది. మిర్యాన్ చెప్పింది. దెల్ఫినా ఏప్రన్‌తో చేతులు తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది.

"కొమాద్రెకి ఏం మొహం పెట్టుకుని కనపడనే నేను?"

"ఈ మొహమే పెట్టుకో అమ్మా. నువ్వేం చేశావు?"

"కాగితం?"

"లేదు."

"మళ్ళీ మొదట్నుంచా?"

"మొదట్నుంచే. ఇంకో ఏడాది పడుతుందేమో."

దెల్ఫినా పంది తోలు పటపటా విరిచి ఎవరికో పొట్లం కట్టింది. తిట్టినా బాగుండుననిపించింది మిర్యాన్‌కి.

ఇంతలో మామా ఉర్సులా దుంపల గుట్టలమీదుగా వచ్చేసింది, పావడా ఎత్తిపట్టుకుని. "నువ్విక్కడున్నావా తల్లీ? రేపు మా వదిన తొమ్మిదోరోజు ప్రార్థన. ఆ మొద్దుగాడు పేరు చెప్పలేదు, ఊరు చెప్పలేదు. చెడ్డదానివి కాకమ్మా, రేపు పొద్దున నువ్వే చదివిపెట్టు."

దెల్ఫినా కూతురివైపు చూసింది. అంగడంతా చూస్తున్నట్టే అనిపించింది మిర్యాన్‌కి. ముసలామె కళ్ళు తడిగా ఉన్నాయి. ఈమెకి రేడియో లేదు, కుర్చీ లేదు, ఎవర్నీ కట్టెయ్యాలనీ లేదు. వదిన పేరు నలుగురికీ వినపడాలి, అంతే.

"రేపు నేనుండను మామా ఉర్సులా. శనివారం మాంతా వెళ్ళిపోతున్నా, రేపంతా సర్దుకోవాలి," అంది. "పేరేమిటి మీ వదినది? ఇక్కడివాళ్ళకి ఇప్పుడే చెప్తా."

"ఇక్కడా?"

"సగం కొండ ఇక్కడే ఉంది ఇవాళ, గురువారం సంత గదా. పేరు చెప్పండి."

"మరియా నతివిదాద్. పుంగలా ఊరు."

మిర్యాన్ పక్కనున్న పెట్టెమీదికెక్కింది. పందులమ్మే వరసలో పెరిగిన గొంతు, దానికి తీగలెందుకు. పుంగలా ఊరి మరియా నతివిదాద్ కాలం చేసింది, రేపు సాయంత్రం తొమ్మిదోరోజు ప్రార్థన, తెలిసినవాళ్ళూ తెలియనివాళ్ళూ రావలెను, భోజనం ఉంటుంది అని ఒక్కసారి, నిదానంగా, ప్రతి అక్షరం పలుకుతూ చెప్పింది. బేరాలు ఆగాయి. అవతలి వరసలో ఎవరో మగాయన టోపీ తీశాడు. మామా ఉర్సులా ఏడుస్తూ నిలబడింది. ఏడవాలనే వచ్చిన మనిషి, హాయిగా ఏడ్చింది.

మిర్యాన్ పెట్టె దిగింది. దెల్ఫినా కత్తి చేతిలోకి తీసుకుని, మంచి ముక్క, పక్కటెముక దగ్గరిది, కోసి ఆకులో చుట్టింది. కూతురికివ్వకుండా పక్కన పెట్టింది, బస్సులోకని.

"శనివారం ఎన్నింటికే బస్సు?"

"తెల్లారేసరికి ఎక్కాలమ్మా."

"కిటికీ పక్కన కూచోకు," అంది దెల్ఫినా, తల ఎత్తకుండానే. "కార్నివాల్ రోజులు. దారిపొడుగునా బకెట్లతో నీళ్ళు కొడతారు వెధవలు. సముద్రం చూడకముందే తడిసి చస్తావు."